ఏడు బెల్జియన్ సీసా బీర్లు: ఏ వరుసలో రుచి చూడాలి, సమీక్ష ఎలా రాయాలి?

గెంట్ వాసి:

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా బెల్జియంలోని గెంట్ నగరంలో ఉంటున్నాను. వచ్చే శనివారం సాయంత్రం మా ఇంట్లో నలుగురం తెలుగువాళ్లం కూర్చుని ఇక్కడి సీసా బీర్లను కాస్త పద్ధతిగా రుచి చూసి, ఒక్కొక్కదానిపై చిన్న సమీక్ష రాసుకోవాలని అనుకుంటున్నాం. హూగార్డెన్, ఓర్వల్, డూవెల్, వెస్ట్‌మల్లె డుబ్బెల్, వెస్ట్‌మల్లె ట్రిపెల్, రోష్‌ఫోర్ 10 ఒక్కో సీసా చొప్పున తెచ్చిపెట్టాను. అవన్నీ 33 సెంటీలీటర్లవి. బోన్ వారి గూజ్ అనే పుల్లటి బీరు మాత్రం 37.5 సెంటీలీటర్ల సీసా.

నా సందేహాలు రెండు. మొదటిది, ఆల్కహాల్ శాతాన్ని బట్టి తక్కువ నుంచి ఎక్కువకు వెళితే సరిపోతుందా, లేక వరుసకు వేరే లెక్క ఉందా? రెండవది, సమీక్ష రాయడానికి కూర్చుంటే మా అందరి కాగితాల మీదా "బాగుంది", "చేదుగా ఉంది", "ఘాటుగా ఉంది" అన్న మూడు మాటలే మిగులుతున్నాయి. చదివినవారికి ఆ బీరు ఎలా ఉంటుందో తెలిసేలా రాయాలంటే దేనిని గమనించాలి?

మాల్ట్ మేస్త్రి:

గెంట్ వాసి గారూ, ఆల్కహాల్ శాతం ఒక్కటే చూస్తే మీ వరుస దెబ్బతింటుంది. ఆ లెక్కన 7 శాతం డుబ్బెల్ ముందు, 8.5 శాతం డూవెల్ తరువాత వస్తాయి. ముదురు గోధుమరంగులో, కాల్చిన చక్కెర పాకం రుచితో ఉండే డుబ్బెల్ తాగిన నోటికి, లేత బంగారు రంగులో పొడిగా ముగిసే డూవెల్ పలచగా, ఏదో లోపించినట్టుగా తోస్తుంది. అది డూవెల్ తప్పు కాదు. అందుకే లేత రంగువి అన్నీ ముందు, ముదురువి తరువాత పెట్టండి: హూగార్డెన్, ఓర్వల్, డూవెల్, ట్రిపెల్, కాస్త విరామం, ఆ తరువాత డుబ్బెల్, చివరగా 11.3 శాతం రోష్‌ఫోర్. ఈ వరుసలో డూవెల్, ట్రిపెల్ పక్కపక్కన వస్తాయి. రెండూ బంగారు రంగువే, రెండూ ఘాటైనవే అయినా ట్రిపెల్ 9.5 శాతంతో నోరు నిండుగా, మిరియం, లవంగం ఛాయలతో ఉంటుంది. డూవెల్ బక్కగా, చురుకుగా ఉంటుంది. ఒకదాని పక్కన మరొకటి పెట్టినప్పుడే రాయడానికి మాటలు దొరుకుతాయి.

గూజ్ పులుపు వల్ల నాలుక మీద తరువాతి బీరు లేనిపోని తీపిగా అనిపిస్తుంది కనుక దానిని అన్నిటికంటే చివర, రొట్టెముక్క తిన్న తరువాత తీయమని నా సలహా.

చల్లదనం విషయంలో మనవాళ్ల అలవాటును ఇక్కడ పక్కన పెట్టాలి. హైదరాబాదులో, విజయవాడలో గొంతు జివ్వుమనేంత చల్లగా తాగే లాగర్‌కు ఆ పద్ధతి సరిపోతుంది. ఇక్కడ మాత్రం హూగార్డెన్ ఒక్కదానినే ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసి పోయండి. డూవెల్, ట్రిపెల్ సీసాలను కాస్త ముందుగా బయట పెట్టండి. ఓర్వల్, డుబ్బెల్, రోష్‌ఫోర్ మూడూ 12 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. మరీ చల్లని రోష్‌ఫోర్‌లో తీపి, ఆల్కహాల్ తప్ప మరేమీ తెలియదు. అదే గ్లాసును అరచేతుల మధ్య పట్టుకుని కాసేపు ఆగితే ఎండు అంజీర, కిస్మిస్, కోకో వాసనలు ఒకదాని వెంట ఒకటి పైకి వస్తాయి.

పోయడంలోనూ తేడా ఉంది. ఇవన్నీ సీసాలోనే మరోసారి పులిసే బీర్లు కనుక అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది. హూగార్డెన్‌ను మూడింట రెండు వంతులు పోసి, మిగిలినదానిని సీసాలోనే గుండ్రంగా తిప్పి మడ్డితో సహా పోయాలి, ఎందుకంటే ఆ మబ్బుతనమే దాని స్వరూపం. తక్కినవాటిని ఒకే ధారగా, సీసాను మళ్లీ నిలబెట్టకుండా నాలుగు గ్లాసుల్లోకి పోసి, అడుగున వేలెడు మందం వదిలేయండి. సీసాను మాటిమాటికీ నిలబెడితే మడ్డి కదిలి నాలుగో గ్లాసుకు వేరే బీరు వస్తుంది, ఇక నలుగురి సమీక్షలూ ఒకదానితో ఒకటి పోలవు.

పులుపు పక్షం:

మేస్త్రి గారు చెప్పిన దానిలో గూజ్ చోటు గురించి తప్ప మిగిలినదంతా ఒప్పుకుంటాను. రోష్‌ఫోర్ వంటి తీయని, చిక్కని బీరు తరువాత గూజ్ పోస్తే అందులోని నిమ్మ, పచ్చి ఆపిల్, పాత చెక్కపీపా వాసనలు మరుగునపడి ఉత్త పులుపు మాత్రమే మిగులుతుంది. మీలో ఎవరైనా గూజ్ తొలిసారి తాగుతుంటే జన్మలో మళ్లీ ముట్టుకోరు. నా మాట వింటే దానితోనే మొదలుపెట్టి, నీళ్లు తాగి, ఉప్పులేని రొట్టె తిని, పావుగంట ఆగి హూగార్డెన్‌కు వెళ్లండి.

సమీక్ష రాసేవారికి ఆ బీరు ఎలా పుడుతుందో తెలిసి ఉండటం మంచిది. బ్రసెల్స్ పరిసరాల్లో, సెన్నె నది లోయలో, చలి నెలల్లో మరిగించిన ధాన్యపు ద్రావణాన్ని వెడల్పాటి లోతులేని తొట్టెల్లో రాత్రంతా చల్లారబెడతారు. పనిగట్టుకుని ఈస్ట్ కలపరు. గాలిలోనూ పీపాల చెక్కలోనూ ఉన్న సూక్ష్మజీవులే దానిని పులియబెడతాయి. అలా తయారైన లాంబిక్‌లో ఒకటి, రెండు, మూడేళ్లవాటిని కలిపి సీసాల్లో నింపితే గూజ్ అవుతుంది. హాప్స్ అంటే బీరుకు చేదునిచ్చే పూలు; పాతబడి చేదు చాలావరకు పోయిన హాప్స్‌నే అందులో వాడతారు కనుక దానిలో చేదు వెతకకండి. "చేదు చాలలేదు" అని గూజ్‌కు మార్కులు కోసిన సమీక్షలు చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

నోటు పుస్తకం:

మీ రెండో సందేహానికి నా జవాబు. పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ (బీరు న్యాయనిర్ణేతలకు ధ్రువపత్రాలిచ్చే సంస్థ) పత్రంలో మొత్తం 50 మార్కులు ఉంటాయి: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలో తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. రంగుకూ నురగకూ కలిపి మూడే మార్కులు, వాసనకు పన్నెండు అన్న సంగతి గమనించండి. మనం రాసే సమీక్షలు ఎక్కువగా ఇందుకు తలకిందులుగా ఉంటాయి. గ్లాసు నిండా పోయకుండా మూడో వంతు పోసి, నురగ ఉండగానే ముక్కు దగ్గర పెట్టి, తాగకముందే వాసన గురించి రాసేయండి. ఒక్క గుక్క తాగాక ఆ వాక్యం మీకు తెలియకుండానే మారిపోతుంది.

మాటల కోసం బయటి జాబితాలు వెతకనక్కర్లేదు. హూగార్డెన్‌లో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు కాబట్టి మన ముక్కుకు అవి వెంటనే దొరుకుతాయి. ట్రిపెల్‌లోని లవంగం, అరటిపండు వాసనలు మాత్రం ఎవరూ వేసినవి కావు, పులిసేటప్పుడు ఈస్ట్ పుట్టించినవి. ఏ వాసన ముందు వచ్చింది, గుటక వేశాక చేదు ఎంతసేపు నిలిచింది, చివరకు నోరు పొడిబారిందా, తీపి మిగిలిందా అన్నవి వరుసగా రాస్తే చాలు. వైన్ రుచి చూసేవారిలా ఉమ్మివేయకండి. బీరు చేదు మింగిన తరువాతే పూర్తిగా తెలుస్తుంది.

లోపాలను కూడా పేరు పెట్టి రాయండి. తడిసిన అట్టముక్క వాసన వస్తే ఆ సీసాకు ఆక్సిజన్ తగిలి పాతబడిందని అర్థం. ముక్కు ముడుచుకునేలా కుళ్లు కంపు వస్తే వెలుతురు తగిలిందని అర్థం: హాప్స్‌లోని చేదు పదార్థం వెలుతురుకు విరిగి గంధకపు సమ్మేళనంగా మారుతుంది. గోధుమరంగు గాజు దీనిని చాలావరకు అడ్డుకుంటుంది, ఆకుపచ్చ గాజు అంతగా అడ్డుకోలేదు. గ్లాసు అంచున నూనె జిడ్డు ఉంటే ఎంత మంచి బీరు నురగైనా చచ్చిపోతుంది కనుక, "నురగ నిలవలేదు" అని రాసేముందు గ్లాసును వేడినీళ్లతో కడిగి చూడండి.

ఒక లెక్క కూడా చెప్పాలి. మీ ఏడు సీసాలను నలుగురు సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చే ఆల్కహాల్, 5 శాతం లాగర్ 25 సెంటీలీటర్ల గ్లాసులు మూడున్నర తాగినదానికి సమానం. గ్లాసులో కనిపించేది కాస్తే అయినా, ఆ రాత్రి కారు తాళాలు ఎవరూ ముట్టుకోకూడదు.

గెంట్ వాసి:

ముగ్గురికీ ధన్యవాదాలు. పులుపు పక్షం గారి మాట ప్రకారం గూజ్‌తోనే మొదలుపెడతాం, ఎందుకంటే మాలో ఇద్దరు దానిని ఇంతవరకు రుచి చూడలేదు. మరొక సందేహం: నా ఓర్వల్ సీసా మీద ఉన్న నింపిన తేదీ ప్రకారం దానికి దాదాపు ఎనిమిది నెలలు. అది పాతబడినట్టా?

మాల్ట్ మేస్త్రి:

పాతబడలేదు, మారింది. ఓర్వల్‌ను సీసాలో నింపేటప్పుడు బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్‌ను కలుపుతారు. అది మామూలు ఈస్ట్ తినలేని చక్కెరలను కూడా నెమ్మదిగా తింటూ పోతుంది. కొత్త సీసాలో హాప్స్ పూల వాసన, గట్టి చేదు ముందుంటాయి. నెలలు గడిచేకొద్దీ అవి తగ్గి, తోలు, ఎండుగడ్డి, గుర్రపు జీను వంటి వాసనలు పెరుగుతాయి, తీపి దాదాపు మిగలదు. ఇక్కడి కొన్ని కేఫేల్లో కొత్తది కావాలా, పాతది కావాలా అని అడిగి మరీ ఇస్తారు. కాబట్టి ఓర్వల్ సమీక్షలో నింపిన తేదీ రాయకపోతే ఆ సమీక్ష ఏ బీరు గురించో చదివినవారికి తెలియదు. వీలైతే శనివారం లోపల తాజా తేదీ ఉన్న సీసా ఇంకొకటి కొని, రెండింటినీ పక్కపక్కన పోయండి. అప్పటిదాకా సీసాను చీకట్లో, నిలువుగా ఉంచండి.