పద్మిని కారుని రెండు అంగుళాలు దించాలంటే స్ప్రింగ్ కోయించాలా, కొత్తవి చుట్టించాలా?

హన్మకొండ_పద్మిని:
అన్నలూ ఒక సలహా కావాలె. మా బాపు కొన్న 1986 ప్రీమియర్ పద్మిని పదేండ్లు ఇంట్ల టార్పాలిన్ కింద పడి ఉండె, పోయిన ఏడాది ఇంజిన్ విప్పించిన, పెయింట్ అయిపోయింది, స్టీరింగ్ పక్కనుండే గేర్ రాడ్ బుష్‌లు మార్చినంక గేర్ సక్కగ పడ్తున్నది. అయితే ఇప్పుడు చూస్తే మేకపిల్ల అరుగు మీద ముందుకాళ్లు పెట్టినట్టు నిలబడ్డది బండి, ముందట టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్యల నా చెయ్యి మొత్తం పడ్తది. రెండు అంగుళాలు దించాలని ఉంది. ఇక్కడ మెకానిక్ ఏమంటడంటే ముందట స్ప్రింగ్ ఒకటిన్నర చుట్టు గ్యాస్ కటర్‌తోని కోసేద్దాం, ఎనక కమాన్ కట్టల్ల (ఇనుప పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులు) ఒక పట్టీ తీసేద్దాం, పొద్దున ఇచ్చి సాయంత్రం తీస్కపో అంటుండు. ఒక దోస్తేమో ఎయిర్ సస్పెన్షన్ అంటుండు, అన్ని పైసల్ నా దగ్గర లేవు. రోజు నడిపే బండి కాదు, ఆదివారం ఖిలా వరంగల్ దాకా, నెలకోసారి హైదరాబాద్. ఏం చెయ్యమంటరు?

లోరైడర్_విజ్జు:
కోయించెయ్ బ్రో ఇంత ఆలోచన దేనికి. నేను మారుతి 800కి కోయించి మూడేళ్లైంది ఏం కాలా, లుక్ అదిరింది. గతుకుల్లో కాస్త నడుం పట్టేస్తది అంతే 😄

బెజవాడ_కమాన్:
పై తమ్ముడి మాట వినకండి దయచేసి. మా నాన్నగారికి ఆటోనగర్‌లో కమాన్ పని షెడ్డు ఉండేది, చిన్నప్పుడు సెలవులన్నీ నాకు అక్కడే, గ్యాస్‌తో కోసిన స్ప్రింగులు ఎలా తిరిగొస్తాయో చూశాను. మంట తగిలిన చోట స్ప్రింగుకున్న పదును, అంటే గట్టిదనం, పోద్ది, ఆ చుట్టు మెత్తబడి ఆర్నెల్లకి ఇంకా కూర్చుంటది, లేదా అక్కడే పటుక్కున విరుగుద్ది. పైగా కోసిన కొన స్ప్రింగును పట్టి ఉంచే కప్పులో సమంగా కూర్చోదు, జాకీ వేసి లేపితే స్ప్రింగు వదులై పక్కకి జరిగిపోద్ది. ఇంకోటి, 8 చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటిన్నర తీస్తే మిగిలేది 6.5, 8ని 6.5తో భాగించి చూడండి, 23 శాతం గట్టిపడినట్టు. షాకబ్జర్లు మాత్రం పాతవే, వాటికి ఆ ఊపు ఆపే సత్తా ఉండదు, అందుకే బండి కోతిలా ఎగురుద్ది. విజ్జు గారి నడుం సంగతి అదే.

రెండో విషయం, పద్మినికి ముందు స్ప్రింగు చక్రం దగ్గర ఉండదు, చాలా లోపలికి, చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ మీద కూర్చుంటది. స్ప్రింగు దగ్గర ఒక సెంటీమీటరు తగ్గిస్తే చక్రం దగ్గర దాదాపు రెండు తగ్గుద్ది. ఒకటిన్నర చుట్టు అంటే రెండంగుళాల దగ్గర ఆగదు, బండి మరీ కిందికి కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు మీదే నడుపుతారు మీరు.

ఇక వెనకాల. పట్టీ తీసేస్తే ఎత్తు తగ్గుద్ది నిజమే, కానీ బలం కూడా పోద్ది, నలుగురు ఎక్కితే తోక నేలకి. ఎత్తు ఒక్కటే తగ్గాలంటే కట్ట విప్పి వంపు తగ్గించాలి. మా నాన్నగారు సిమెంటు నేల మీద సుద్దముక్కతో కావాల్సిన వంపు గీసేవారు, ఒక్కో పట్టీ సుత్తితో కొట్టడం, గీత మీద పెట్టి చూడటం, మళ్లీ కొట్టడం, ఏడు పట్టీల కట్టకి పూట పట్టేది. లోవరింగ్ బ్లాకులు (కట్టకీ యాక్సిల్‌కీ మధ్య పెట్టే దిమ్మలు) వేద్దాం అని ఎవరన్నా అంటే ముందు బండి కింద దూరి చూడండి. కట్ట యాక్సిల్‌కి కింద ఉంటేనే మధ్యలో బ్లాకు పెడితే బండి దిగుద్ది. కట్ట పైన ఉన్నదానికి బ్లాకు పెడితే బండి లేస్తది, ఇది తెలీక చేయించుకున్నోళ్లు ఉన్నారు.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. సమంగా ఉన్న నేల మీద పెట్టి, నాలుగు చక్రాలకీ నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి ఇక్కడ పెట్టండి. ముక్కు అంత లేచి ఉండటం కంపెనీ పద్ధతి కాదు.

రాజమండ్రి_1100డి:
నాది 1968 ఫియట్ 1100డి. నేను దించలేదు, దించను కూడా, కారణం కాగితాలు. 2021లో వచ్చిన కేంద్రం రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, ఒరిజినల్ రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, నంబర్లో వీఏ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకూడదని అందులో ఉంది. మీ 86 బండికి ఆ వయసు ఇంకా రాలేదు గానీ 2036లో అడగాలనుకుంటే ఇప్పుడు విప్పే ప్రతి ముక్కా అట్టపెట్టెలో దాచుకోండి. ఈలోగా అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్‌కి బండి చూపించాలి కదా, బండిలో మార్పులు చేయకూడదనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చేతిలో పెట్టుకుని చూసే ఇన్‌స్పెక్టర్ దొరికితే కోసిన స్ప్రింగుతో ఇబ్బందే. ఇంకోటండీ, స్పీడ్ బ్రేకర్ రూల్స్ పుస్తకం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలట. మా వీధిలోది అడ్డంగా తాటిదుంగ పడేసినట్టుంటుంది. నలుగురిని ఎక్కించుకుని దాని మీద ఊహించుకోండి.

పుణె_తెలుగోడు:
టైర్ల లెక్క కూడా చూస్కో భయ్యా. 155/80 ఆర్14 సైజు టైరు మొత్తం ఎత్తు 604 మిల్లీమీటర్లు దగ్గరదగ్గర, అదే 14 రిమ్ముకి 165/65 వేస్తే 570. అంటే ఏదీ ముట్టుకోకుండానే బండి 17 మిల్లీమీటర్లు దిగింది. కాకపోతే స్పీడోమీటర్ 6 శాతం ఎక్కువ చూపిస్తది, టైరుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య ఖాళీ మాత్రం తగ్గదు, ఇంకా పెరుగుద్ది. నువ్వు చెయ్యి పెట్టి చూసేది ఆ ఖాళీనే కదా. నాలుగూ డ్రమ్ బ్రేకులే అని కూడా గుర్తుంచుకో, నేనైతే ఆ డబ్బుతో ముందు లైనింగులు మారుస్తా.

శివ_అంబి:
మధ్యలో దూరుతున్నా సారీ, నా పాత అంబాసిడర్‌కి కూడా ఇదే పద్ధతా?

బెజవాడ_కమాన్:
కాదండీ శివ గారూ, దానికి ముందు కాయిల్ స్ప్రింగులే ఉండవు, టార్షన్ బార్లు, అంటే మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. బారు విప్పి పళ్లు ఒకటి రెండు జరిపి బిగిస్తే ఎత్తు మారుద్ది, కొనేది ఏమీ లేదు. రెండు వైపులా గుర్తు పెట్టుకుని సమంగా జరపాలి అంతే.

హన్మకొండ_పద్మిని:
కొలిచిన అన్నా. ముందట ఎడమ దిక్కుకన్నా కుడి దిక్కు 18 మిల్లీమీటర్లు తక్కువున్నది. ఎనక రెండూ సమానమే గని ముందటికన్న శాన కిందికున్నయ్, పట్టీలు వంపే లేదు, స్కేలు లెక్క సాపుగున్నయ్.

బెజవాడ_కమాన్:
చూశారా. మీ బండి ముక్కు లేవడం సగం, తోక కూర్చోవడం సగం. ఆ సాపైన కట్టలో ఒక పట్టీ తీసుంటే ఏమయ్యేదో ఆలోచించండి. ముందు స్ప్రింగులు విప్పించి పైన కప్పులో ఏముందో ఫొటో పెట్టండి, నాకో అనుమానం ఉంది. విప్పేటప్పుడు స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా ఒప్పుకోకండి, ఆ స్ప్రింగు జారితే చెయ్యి ఉండదు.

హన్మకొండ_పద్మిని:
రెండు నెలలకు మళ్లొచ్చిన, తిట్టకుండ్రి 🙏 అన్న అనుమానమే నిజం. ఎడమ స్ప్రింగు మీద రెండు రబ్బరు ప్యాకింగులు, కుడిదాని మీద ఒకటి, ఒక్కోటి దగ్గరదగ్గర సెంటీమీటర్ మందం, గట్టిపడి పెంకు లెక్క అయినయ్. ఎన్నడో స్ప్రింగులు కూర్చుంటే ఎవరో ప్యాకింగ్ పెట్టి లేపిన్రు, బాపును అడిగితే యాదికి లేదంటడు. అవి తీసేస్తే రెండు దిక్కులా సమానమైంది, ఎడమ దిక్కు అంగుళంనర దాకా దిగింది, ఒక్క చుట్టు కోయలే. లుక్ నాకు కావాల్సినట్టే వచ్చింది గని ముసలి స్ప్రింగులు కదా, నలుగురం కూసుంటే గుంటల్ల డబ్ డబ్ అని రబ్బరుకు కొట్టుడు మొదలైంది. అందుకని అదే ఎత్తుకు కొత్త స్ప్రింగులు చుట్టించిన, తీగ 12 ఉంటే 12.5 మిల్లీమీటర్లది వేయించిన, చుట్టినాయన అర మిల్లీమీటర్‌కే 18 శాతం గట్టిపడ్తదని లెక్కేసి చూపెట్టిండు. ఎనక కట్టలకు కొంచెం వంపు పెట్టించిన, దించుడు కాదు లేపుడు అయింది 😂 షాకబ్జర్లు నాలుగూ కొత్తయి, ముందు చక్రాలు పక్కకు తిరిగే కింగ్ పిన్నులకు గ్రీజు, అలైన్‌మెంట్ కూడా అయింది. వేద్దామనుకున్న అలాయ్ రిమ్ములు క్యాన్సిల్, పాత రిమ్ములకే పెయింట్ కొట్టించిన.

ఇప్పుడు ఒక్కటే బాధ, మా గేటు కాడి ర్యాంపు ఎక్కేటప్పుడు సైలెన్సర్ గీసుకుంటున్నది. పైపును వంచాల్నా, ర్యాంపు పలగ్గొట్టాల్నా?

బెజవాడ_కమాన్:
ర్యాంపే పలగ్గొట్టండి.