కాటలీనా నీళ్లు వదలట్లేదు, మోటార్లు మార్చాలా?

భీమవరం_బాల్సా:

అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్లూ నేల మీంచి లేచే రిమోట్ విమానం మోడళ్లే కట్టాను. రెండేళ్ల కిందట బుద్ధి తిరిగి నీళ్ల మీద పడ్డాను. 1/12 స్కేలు కాటలీనా, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి, పడవలాంటి అడుగుతో నీళ్ల మీంచి లేచే విమానం. అసలు విమానం రెక్క 104 అడుగులు, నాది 2.64 మీటర్లు. చక్రాల్లేని రకమే ఎంచుకున్నాను. గేరు బరువూ ఉండదు, గేరు తలుపుల్లోంచి నీళ్లొచ్చే బాధా ఉండదు.

కాటలీనాయే ఎందుకంటే మా తాతమ్మది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న అక్కడా విశాఖలోనూ బాంబులు పడ్డ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి రెండ్రోజుల ముందు జపాను నౌకల్ని సముద్రం మీద కనిపెట్టింది సింహళంలో కొగ్గల సరస్సు నుంచి లేచిన ఒక కాటలీనా అని తెలిశాక ఇంకోటి కట్టబుద్ధి కాలేదు.

ఫ్రేములు 3 మి.మీ. ప్లైవుడ్, పైన బాల్సా అనే తేలిక చెక్క పలకలు, ఆ పైన పల్చటి గ్లాస్ క్లాత్ (గాజు పీచు గుడ్డ), గట్టిపడే ఎపాక్సీ జిగురు. బ్యాటరీలతో కలిపి 7.8 కిలోలు. మా మావయ్య చేపల చెరువులో, పిట్టలు వాలకుండా కట్టిన తాళ్లు ఒక పూట విప్పించి మరీ ట్రయల్ వేశాం. నాలుగుసార్లు పరిగెత్తించాను. ఫుల్ థ్రాటిల్ ఇస్తే ముక్కు లేస్తుంది, బాగానే జారుతుంది, కానీ వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని లాగుతున్నట్టే ఉంటుంది. ఎలివేటర్ (ముక్కుని పైకెత్తే తోక పలక) లాగితే తోక ఇంకా కూరుకుపోతుంది. జల్లంతా ప్రొపెల్లర్ల మీదికే. సీజీ (విమానం బరువు తూగే చోటు) ప్లాన్‌లో ఉన్నచోటే ఉంది. అడుగున స్టెప్, అంటే మెట్టులా తెగిన చోటు, 15 మి.మీ. లోతు, సీజీకి 20 మి.మీ. వెనక. అదీ ప్లాన్ ప్రకారమే. మోటార్లు ఒక సైజు పెంచమంటున్నారు మావాళ్లు. అంతేనంటారా? అడుగు ఫోటోలు నాలుగు పెట్టాను.

షిప్‌యార్డ్_పాత_వడ్రంగి:

మోటార్ల జోలికి పోకు అబ్బాయ్. నీ విమానం బరువూ ఎక్కువ కాదు. అసలుది నిండు లోడుతో 16 టన్నులు. పొడుగు పన్నెండో వంతైతే బరువు 1,728వ వంతు అవ్వాలి, అంటే 9 కిలోల పైమాట. నువ్వు దానికన్నా తక్కువలోనే ఉన్నావు. పైగా కాటలీనాకి ఇంజన్లు రెక్క మీద, మనిషి నెత్తిన గంప పెట్టుకున్నట్టు ఎత్తున ఉంటాయి. మోటార్ల తోపుడు పెంచేకొద్దీ అది ముక్కుని కిందికి నొక్కుతుంది. తిప్పలు పెరుగుతాయి తప్ప తగ్గవు.

నీ మూడో ఫోటో పెద్దది చేసి చూశాను. స్టెప్ అంచు సబ్బు బిళ్ల అరిగినట్టు గుండ్రంగా ఉంది. ఎందుకలా అయిందో కూడా చెప్పగలను. గ్లాస్ క్లాత్ పదునైన మూల మీద కూర్చోదు, గాలి బుడగ వస్తుంది. అందుకని నువ్వు ముందే మూలని సాండ్ పేపరుతో మెత్తగా రుద్దేసుంటావు. రంగేశాక చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. ముప్పు అక్కడే ఉంది.

వంటింట్లోకెళ్లి ఒక గరిటె తీసుకో. కుళాయి సన్నగా వదిలి, గరిటె వీపు ఆ ధారకి అలా తాకించు. నీళ్లు గరిటెని తోసెయ్యాలి కదా? తోయవు, లోపలికి లాక్కుంటాయి. వంపు దొరికితే నీళ్లు దాన్ని అంటుకునే పోతాయి. నీ విమానం వెనక భాగాన్ని పట్టుకున్న మనిషి ఆ గరిటె వీపే. స్టెప్ ఉన్నది నీళ్లు అక్కడ తెగిపోవడానికి, తెగినచోట పక్కల నించి గాలి దూరడానికి. అంచు గుండ్రమైతే నీళ్లు తెగవు, 15 మి.మీ. కాదు 30 పెట్టినా తెగవు. అడుగూ పక్కగోడా కలిసే అంచులు కూడా నువ్వు అలాగే రుద్దావు. నీళ్లు అక్కడ విడిపోకుండా గోడెక్కి ప్రొపెల్లర్ దాకా పోతున్నాయి.

నేను షిప్‌యార్డులో చేరిన కొత్తలో మా మేస్త్రీ మూల అనేది వేలికి గుచ్చుకోవాలనేవాడు. గుచ్చుకోకపోతే మొట్టికాయ. నీకూ అదే మందు, మొట్టికాయ మినహా. స్టెప్ నిలువు గోడ మీద బ్రౌన్ ప్యాకింగ్ టేపు అంటించిన చిన్న బద్దని కట్టు, అంచు కన్నా 2 మి.మీ. కిందికి రావాలి. దానికి ఎపాక్సీ అంటుకోదు. ఆ సందులో ఎపాక్సీ పోసి ఆరాక బద్ద తీసేసి, అడుగుతో సమంగా గట్టి చెక్కకి చుట్టిన సాండ్ పేపరుతో రుద్దు. వేళ్లతో రుద్దేవో మళ్లీ గుండ్రమే. ఎపాక్సీలో మైక్రోబెలూన్లు (బోలు గుళికల పొడి) మాత్రం కలపకు, అంచు బిస్కెట్‌లా విరుగుతుంది. తరిగిన గ్లాస్ పీచు కలుపు. పక్క అంచులకైతే 3 మి.మీ. ప్లాస్టిక్ కోణం బద్ద, కొంచెం కిందికి వాలేలా, ముక్కు నుంచి స్టెప్ దాకా అంటించు.

ఉప్పల్_ఎగిరేటోడు:

అన్నా, పెద్దాయన చెప్పినంక నేను చెప్పేదేముంది గని, ఒక్కటి అడుగుత. రన్ అయినంక విమానం తూచినవా? 7.8 అంటున్నవు, అది ఎండినప్పటి బరువు. నాలుగో రన్‌కి ఎంతుందో ఎవనికెర్క? నాదొకటి గిట్లనే లేస్తలేదని నెల రోజులు సీజీ జరుపుకుంట కూసున్న. చూస్తే లోపట అర లీటరు నీళ్లు. లేచేటప్పుడు అవన్నీ ఎనకకి ఉరుకుతయి, సీజీ ఏడికో పోతది.

హ్యాచ్ టేపేసి మూయి, ఒక్క బొక్కల సన్న పైపు పెట్టి నోటితోని మెల్లగ ఊదు, బయట సబ్బు నురగ పూయి. సైకిల్ పంక్చర్ చూసినట్టే. ఎక్కువ ఊదకు, బాల్సా పలక లేస్తది.

సియాటెల్_వాన:

మా ఆఫీసు కిటికీలోంచి లేక్ యూనియన్ కనిపిస్తుంది. రోజూ బీవర్ ఫ్లోటు విమానాలు (చక్రాల బదులు రెండు తేలే దోనెలున్నవి) లేవడం చూస్తూ పని ఎగ్గొడుతుంటాను. నీళ్లు అద్దంలా ఉన్న రోజున అవి కూడా ఎక్కువ దూరం పరిగెడతాయి. పైలట్లు ఒక పక్క రెక్క ఎత్తి ముందు ఒక ఫ్లోటుని విడిపించి, తర్వాత రెండోదాన్ని లాగుతారు. మీకున్నది ఒకటే పడవ కాబట్టి ఆ చిట్కా పనికిరాదు. తెల్లవారుజామున చెరువు నిద్రపోతున్నప్పుడు కాకుండా, చిన్న అల కదిలే వేళ ప్రయత్నించండి. చేపల చెరువే కదా, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్ కాసేపు తిప్పి ఆపితే అలలు వాటంతటవే వస్తాయి.

ఇంకోటి, చరిత్ర పిచ్చి ఉన్నవాణ్ని గనక ఊరుకోలేను. ఏప్రిల్ 4న బర్చాల్ అనే పైలట్ నడిపిన కాటలీనా చూసింది జపాను అడ్మిరల్ నగుమో నౌకాదళాన్ని. కబురు రేడియోలో పంపుతుండగానే దాన్ని కూల్చేశారు, బతికినవాళ్లు బందీలయ్యారు. కాకినాడ, విశాఖల మీదికొచ్చింది వేరే దళం, ఒజావా అనే ఇంకో అడ్మిరల్‌ది. ఆ విమానాలు ర్యూజో అనే విమానవాహక నౌక మీంచి లేచాయి. మీ తాతమ్మ కథకి నష్టమేమీ లేదు, మోడల్ పక్కన బోర్డు రాస్తే సరిగ్గా రాస్తారని చెప్పాను.

భీమవరం_బాల్సా:

పన్నెండు రోజుల తర్వాత వచ్చానండి, క్షమించాలి.

ఉప్పల్ అన్నా, తూచాను. నాలుగు రన్‌ల తర్వాత 8.15 కిలోలు. నీటి చుక్కాని తీగ వెళ్లే గొట్టం దగ్గర నురగ బుసబుసా పొంగింది. గొట్టంలో గ్రీజు కూరాను, ఇప్పుడు పొడిగా ఉంటోంది.

బాబాయ్ గారూ, గరిటె చూసి మా ఆవిడ కూడా నోరు తెరిచింది. అంచు మీరు చెప్పినట్టే పోశాను. మొదటిసారి వేళ్లతోనే రుద్ది పాడు చేశానండి, అబద్ధమెందుకు. రెండోసారి పేము కర్ర చెక్కేసి, సాండ్ పేపరు చుట్టి రుద్దాను. ఇప్పుడు వేలికి గుచ్చుకుంటోంది.

నిన్న పొద్దున్న తొమ్మిదింటికి, ఏరేటర్ ఆపిన పది నిమిషాలకి వదిలాను. ముక్కు లేచింది, దిగింది, జల్లు పక్కకి విసనకర్రలా విచ్చుకుంది, ప్రొపెల్లర్లకి చుక్క తగల్లేదు. థ్రాటిల్ ముప్పావు దగ్గరే ఉంది, ఎలివేటర్ ఇంకా లాగనే లేదు, చూస్తే కింద వెలుతురు. గట్టు మీద మావయ్య కేకకి కొంగలన్నీ లేచిపోయాయి.

దిగేటప్పుడు పక్కగాలికి ఎడమ రెక్క చివర ఫ్లోటు నీళ్లలో గుచ్చుకుని ఊడిపోయింది. తాటి దోనె మీద వెళ్లి విమానాన్ని తెచ్చాం, ఫ్లోటు మాత్రం మునిగింది. పట్టుబడికి వలేసినప్పుడు దొరుకుతుందిలే అంటాడు మావయ్య. దానికింకా రెండు నెలలుంది. ఈలోగా కొత్తది చెయ్యాలి. ఫ్లోటుని రెక్కకి పట్టి ఉంచే కాలు ప్లైవుడ్‌తోనే చెయ్యాలా, సన్నటి కార్బన్ గొట్టమా?

షిప్‌యార్డ్_పాత_వడ్రంగి:

ప్లైవుడ్డే. విరిగితే కాలే విరగాలి, రెక్క కాదు. కాలికి చిన్న నూలు తాడు కట్టి రెక్కకి ముడెయ్యి, ఊడినా మునగదు. కొత్త ఫ్లోటు అడుగు ఫోటో పెట్టు, అంచు చూస్తాను.