లక్ష్యాలు అందుకున్న బాబుకి ఇంకో నలభై సెషన్లు రాయమంటున్నారు. సంతకం పెట్టనా?

కృష్ణలంక ఓటీ:

అందరికీ నమస్కారం. ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ, రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా నేర్పే చికిత్స) చదువు పూర్తయి మూడేళ్ళు. విజయవాడలో ఒక పిల్లల సెంటర్లో చేస్తున్నాను, పేరు చెప్పను.

ఆరేళ్ళ బాబు. నెలలు నిండకుండా పుట్టాడు, ఎడమవైపు హెమిప్లీజియా, అంటే మెదడులో దెబ్బ వల్ల ఆ పక్క చెయ్యీ కాలూ సరిగ్గా పనిచేయవు. చేతి పనిని కొలిచే మ్యాక్స్ వర్గీకరణలో రెండో స్థాయి, అంటే దాదాపు అన్నీ పట్టుకుంటాడు గానీ నిదానం, పట్టులో కాస్త తేడా. పామర్రు అవతల ఊరి నుంచి వాళ్ళ నానమ్మ తీసుకొస్తుంది. స్త్రీశక్తి వచ్చాక పల్లెవెలుగులో ఆవిడకు టికెట్ లేదు, సంతోషం. ఇక్కడ సెషన్‌కి మాత్రం 600, వారానికి మూడు. వాళ్ళ నాన్న ఆటో తోలతాడు. లెక్క మీరే వేసుకోండి.

14 నెలల కిందట మూడు లక్ష్యాలు రాసుకున్నాం. ఎడమచేత్తో కంచం కదలకుండా పట్టుకుని కుడిచేత్తో అన్నం కలుపుకోవడం, యూనిఫాం చొక్కా గుండీలు, బడి సంచి జిప్పు. కుడిచేతికి తొడుగేసి ఎడమచేతిని పనిలోకి దింపే చికిత్స మూడు వారాలు చేశాం. ఆ తర్వాత అంతా రెండు చేతుల పనే. గుండీలు మా ఇద్దర్నీ ఏడిపించాయి. అద్దం ముందు నిలబెట్టి నేర్పడం నా తెలివితక్కువతనం, అన్నీ తిరగబడి కనిపించి వాడు ఇంకా తికమకపడ్డాడు. అద్దం తీసేసిన వారానికి పై గుండీ పడింది. గత నెల గోల్ అటైన్‌మెంట్ స్కేల్ వేస్తే కంచానికీ జిప్పుకీ సున్నా, గుండీలకు ప్లస్ వన్. ఈ స్కేల్ తెలియనివాళ్ళ కోసం: సున్నా అంటే అనుకున్నంతా వచ్చినట్టే.

'ఇక ఆపి, మూడు నెలలకోసారి చూద్దాం' అని రిపోర్టు రాశాను. మా సార్ చదివి, "సెన్సరీ ఇష్యూస్ అని పెట్టి నలభై సెషన్ల ప్యాకేజీ రాయమ్మా" అన్నారు. అంటే 24,000. సెన్సరీ ఇష్యూస్ అంటే చప్పుడు, స్పర్శ, కదలిక లాంటివి తట్టుకోలేకపోవడమో, అతిగా కోరుకోవడమో. వాడికి చప్పుళ్ళతో పేచీ లేదు, బట్టలతో లేదు, తిండితో అసలే లేదు. "ఊయల ఎక్కితే దిగడు కదా, అది రాయి" అన్నారు. ఊయల దిగుతానన్న ఆరేళ్ళ పిల్లాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇంకో చిక్కుంది. ఆపొద్దంటోంది నానమ్మే. "చెయ్యింకా మామూలు కాలేదు కదమ్మా, మమ్మల్ని వదిలేస్తావా" అని ఏడ్చింది. ఇంట్లో వాడి చేత చేయించమని నేను చిక్కుడుకాయలు ఒలిపించడం, పూలు కట్టేటప్పుడు దారం పట్టించడం వీడియో తీసి వాట్సాప్‌లో పంపితే, పేషెంట్లను లాగేసుకుంటున్నావని సార్ కోప్పడ్డారు. రిపోర్టు కింద పేరు నాది. ఏం చేయమంటారు?

తిరుగు బస్సు:

ఇంత ఆలోచన ఎందుకండీ. ఉద్యోగం మానకుండానే ఆదివారం వాళ్ళింటికెళ్ళి 300కి చేసేయండి. అందరూ చేసేదే.

సికింద్రాబాద్ పాతకాపు:

పై సలహా మాత్రం వినకు తల్లీ. అలా చేస్తే మీ సార్ అన్న మాట నిజమవుతుంది.

సంతకం పెట్టకు. లేని ఇబ్బందిని ఉన్నట్టు రాస్తే అది ఆ పిల్లాడి ఫైల్లో ఉండిపోతుంది, రేపు బడివాళ్ళూ అదే చదువుతారు. 1992 పునరావాస మండలి చట్టంలో మన వృత్తికి చోటే లేదు. 2021 చట్టంతో గదా అనుబంధ వైద్య వృత్తుల జాతీయ కమిషన్ కిందకి వచ్చాం. దానికోసం మా తరం ఎన్ని అర్జీలు పెట్టుకుందో. ఇలాంటి సంతకాలు పెట్టడానికా?

ఇంట్లో ఏం చేయించాలో నేర్పడం చికిత్సలో భాగమే, అందులో దొంగతనం లేదు. కాకపోతే నీ సొంత ఫోన్ నుంచి పంపకు. ఫైల్లో రాసి, సెంటర్ నంబరు నుంచి పంపించు.

నానమ్మ సంగతికొస్తే, తప్పు నీదే. చెయ్యి పూర్తిగా మామూలు కాదని మొదటి నెలలోనే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పు. మెదడులో దెబ్బ పెరగదు గానీ ఎముక సాగేటప్పుడు కండరం వెనకబడుతుంది, మణికట్టు బిగుసుకుంటుంది. అందుకే 'అయిపోయింది' అనకు, 'విరామం' అను. ఎత్తు గబగబా పెరుగుతున్నప్పుడు ముందే తీసుకురమ్మను.

హన్మకొండ అమ్మ:

మా బిడ్డకు నాలుగేండ్లు తిప్పినం మేడం. ఇంకెన్నాళ్ళు అని అడిగితే, "మీరే ఆపుకుంటే మా బాధ్యత లేదు" అన్నరు. ఆ మాటకు భయపడి ఇంకో ఏడాది కట్టినం, పుస్తెలతాడు గూడ బ్యాంకుల వెట్టి. ఎప్పుడు ఆపాలె, ఆపినంక ఇంట్ల ఏం చెయ్యాలె, ఒక్కరు గూడ చెప్పలే. ఆ ముసలామె ఎందుకు ఏడ్చిందో నాకు తెలుసు. రేపు చెయ్యి గుంజుకపోతే ఎవరిని అడగాలెనో ఆమెకు తెల్వది. ఒక నంబరు, ఒక తారీఖు కాగితం మీద రాసియ్యిండ్రి.

గోదారి గట్టు:

నేనూ రాజమండ్రిలో చిన్న సెంటర్ నడుపుతున్నా, తిట్టుకోకండి. అద్దె, ఇద్దరు థెరపిస్టుల జీతాలు, సంక్రాంతికి ఖాళీ గదులు... మీ సార్ బుర్రలో ఏముందో తెలుసు. అబద్ధం రాయించడం తప్పే. మేం ఎనిమిది వారాలు చేసి మూణ్ణెల్లు ఆపుతాం. ఆ స్లాటు ఎదురుచూసేవాళ్ళకి పోతుంది, సెంటరేం మూతపడలేదు.

మిమ్మల్నీ ఒకటి అడగాలి. ఆ స్కేలు ఎక్కడ వేశారు? మీ గదిలోనేనా? పొద్దున్న వ్యాన్ హారన్ కొడుతుంటే గుండీలు వాడు పెట్టుకుంటున్నాడా, వాళ్ళమ్మ పెట్టేస్తోందా?

కృష్ణలంక ఓటీ:

గోదారి గట్టు గారూ, దొరికిపోయాను. గదిలోనే వేశాను. నిన్న నానమ్మకు ఫోన్ చేసి అడిగితే, అన్నం వాడే కలుపుకుంటున్నాడు, జిప్పూ వాడే. గుండీలు మాత్రం బడి రోజుల్లో అమ్మ, ఆదివారం వాడు.

రిపోర్టు మార్చాను. గుండీలకు ప్లస్ వన్ కొట్టేసి మైనస్ వన్ వేశాను. నాలుగు సెషన్లు చాలు, అవీ వాళ్ళమ్మను కూర్చోబెట్టి. ఆ తర్వాత విరామం. మళ్ళీ చూసే తారీఖు, సెంటర్ నంబరు కింద పెద్దక్షరాలతో రాశాను. సెన్సరీ మాట రాయలేదు. సార్ చూసి, "సరే, ఇంకొకరి చేత రాయిస్తాలే" అన్నారు.

నానమ్మకు చెయ్యి సంగతి దాచకుండా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి సారు నలభై కట్టమన్నాడే" అంది. నేను రాసింది నాలుగే అని చెప్పాను. నా రిపోర్టూ, సార్ రాయించేదీ, రెండు కాగితాలూ అడిగి తీసుకుని, చదివించుకున్నాకే డబ్బు తీయమన్నాను. రేపు తొమ్మిదిన్నర బస్సుకి కొడుకుని కూడా తీసుకొస్తానంది.