ఎం87 నడిమధ్య నల్లమచ్చ: ఫిట్ ఎక్కడ తప్పుతోంది?

పద్మసరోవరం (తిరుపతి)
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఎం87 గెలాక్సీ తీసుకున్నాను. మధ్యలో 650 కోట్ల సూర్యుల బరువున్న బ్లాక్ హోల్ ఉంది కదా, ఆ గెలాక్సీ నక్షత్రకాంతిని హబుల్ చిత్రం మీద సెర్సిక్ ఫార్ములాతో (కేంద్రం నుంచి బయటికి వెలుగు ఎలా తగ్గుతుందో చెప్పేది) ఫిట్ చేస్తున్నాను. చిత్రంలోంచి మోడల్ తీసేస్తే నడిమధ్య నల్లటి మచ్చ మిగులుతోంది. అంటే అక్కడ ఉన్నదానికన్నా ఎక్కువ వెలుగు పెడుతున్నాను. పైగా ఆ తగ్గుదల తీరును చెప్పే సెర్సిక్ సంఖ్య ఒకసారి 5, ఇంకోసారి 9. వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

కుప్పం_దుర్భిణి
పీఎస్‌ఎఫ్, అంటే టెలిస్కోపు ఒక చుక్క వెలుగును ఎంత మసకగా పరుస్తుందో ఆ లెక్క, మోడల్‌లో కలిపావా? అలిపిరిలో నిలబడితే ఘాట్ రోడ్డు దీపాలు విడివిడిగా కనిపిస్తాయి. రేణిగుంట వైపు వెళ్లేకొద్దీ అన్నీ కలిసి ఒకే వెలుగు గీత. టెలిస్కోపు కూడా మధ్యలోని వెలుగును అలాగే పలచగా పరిచేస్తుంది.

చంద్రగిరి_కోట
పీఎస్‌ఎఫ్ కలపాల్సిందే అన్నా, కానీ ఈ మచ్చ దానివల్ల కాదు. హబుల్ మసక 0.1 ఆర్క్‌సెకండ్ (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు). ఎం87 నడుమ చదునుగా ఉన్న భాగం సుమారు 7 ఆర్క్‌సెకండ్లు. అక్కడ నిజంగానే నక్షత్రాలు తక్కువ. రెండు పెద్ద గెలాక్సీలు కలిసినప్పుడు వాటి బ్లాక్ హోల్స్ జంటగా తిరుగుతూ, దగ్గరికొచ్చిన నక్షత్రాలను బయటికి విసిరేశాయని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. మామూలు సెర్సిక్‌కి ఆ చదును అందదు, నడుమ చదునును కూడా పట్టుకునే కోర్-సెర్సిక్ పెట్టు. ఇమ్‌ఫిట్ అనే ఫిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. జెట్‌ని (బ్లాక్ హోల్ దగ్గర్నుంచి చిమ్మే ధార) మాస్క్ చెయ్యడం, అంటే ఫిట్‌లో లెక్కలోకి రాకుండా కప్పెయ్యడం, మరిచిపోకు, 20 ఆర్క్‌సెకండ్ల దాకా సాగుతుంది. కేంద్రంలోని చుక్క వెలుగు నక్షత్రాలది కాదు, దాన్ని విడిగా ఫిట్ చెయ్యి.

మామిడితోట (చిత్తూరు)
5, 9 అని ఊగుతోందంటే ఆకాశం విలువను, అంటే గెలాక్సీది కాని నేపథ్య వెలుగును, చూడాలి. హబుల్ ఫ్రేమ్ మూడున్నర ఆర్క్‌మినిట్ల లోపే, ఎం87 దాన్ని నింపేసి ఇంకా బయటికి పోతుంది. ఖాళీ ఆకాశమే లేని ఫ్రేములో దాన్ని కొలవలేం. నేను ఒక సర్వే చిత్రం తీసుకున్నాను. నేపథ్యం తీసేసే ఇచ్చారు, దాంతోపాటు గెలాక్సీ అంచు కూడా పోయింది. అది తెలిసేసరికి నా సెమిస్టర్ అయిపోయింది.

కుప్పం_దుర్భిణి
కాంతి కాస్త అటూ ఇటూ అయితే బ్లాక్ హోల్ బరువుకి అంత నష్టమా అక్కా?

చంద్రగిరి_కోట
నక్షత్రాల కదలికలతో 2011లో 660 కోట్లు వచ్చింది. వాయువు కదలికలతో 2013లో 350 కోట్లు. 2019లో బ్లాక్ హోల్ నీడను చిత్రించిన ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ 650 కోట్లు అంది. మొదటి రెండు పద్ధతుల్లోనూ నక్షత్రాల బరువు లెక్క ఈ కాంతి మోడల్‌తోనే మొదలవుతుంది, అది తప్పితే బ్లాక్ హోల్ బరువూ తప్పుతుంది. అందుకే ఇంత పట్టుబడతాను.

పద్మసరోవరం
రెండు రాత్రులు కూర్చున్నాను. బయటి భాగానికి ఆకాశం తీయని వెడల్పాటి చిత్రం, లోపలికి హబుల్, రెండూ కలిపి కోర్-సెర్సిక్ పెట్టాను. నల్లమచ్చ పోయింది. మాస్క్ తీసి చూస్తే బూడిదరంగు మీద జెట్ ఒక్కటే సన్నగా, గీత గీసినట్టు నిలబడింది, చుట్టూ గ్లోబ్యులర్ క్లస్టర్లు (నక్షత్రాల గుండ్రటి గుంపులు) ఆవాలు చల్లినట్టు. ఆకాశం విలువను కొంచెం అటూ ఇటూ మార్చినా సెర్సిక్ సంఖ్య ఇప్పుడు పెద్దగా కదలడం లేదు.