తెల్లవారుజాము కలను నమ్మి బోరు వేయవచ్చా?

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:
మా చీనీ (బత్తాయి) తోటలో బోరు ఎండిపోయింది. మొన్న తెల్లవారుజామున మా నాయనకు కల వచ్చింది. తోటకు పడమర పక్క చింతచెట్టు దగ్గర నీళ్లు పైకి తన్నుకొస్తున్నాయట. ఆ వేళ వచ్చిన కల నిజమవుతుందని మా జేజి చెప్పేది. ఇప్పుడు అక్కడే బోరు వేద్దామని నాయన పట్టుబడుతున్నాడు. అప్పు చేయక తప్పదు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఏమంటారు?

ఆదోని అన్న:
వేయండి తమ్ముడూ. నామగిరి అమ్మవారు కలలో లెక్కలు చూపించేదని రామానుజన్ అంతటివాడే చెప్పుకున్నాడు. మీ నాయన ఆ నేల మీదే పుట్టి పెరిగాడు. ఆయన కంటే ఎవరికి తెలుసు?

గుత్తి సైన్స్ మాస్టర్:
అన్నా, రామానుజన్ ఇంగ్లండు గణితవేత్త హార్డీకి రాసి పంపిన వాటిలో ప్రధాన సంఖ్యల మీద రాసినవి కొన్ని తప్పని తేలాయి. సరైనవి కూడా రుజువు చేశాకే నిలిచాయి.

ఇక తెల్లవారుజాము సంగతి. నిద్రలో కళ్లు వేగంగా కదిలే దశ ఒకటి ఉందని 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు ప్రకటించారు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది అందులోనే. సుమారు 90 నిమిషాలకు ఒకసారి ఆ దశ వస్తుంది. రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ పెరిగి అరగంట దాకా సాగుతుంది. జ్ఞాపకం నిలవడానికి సాయపడే నోరడ్రినలిన్ అనే రసాయనం ఆ సమయంలో మెదడులో దాదాపు ఆగిపోతుంది. అందుకే మధ్యలో మెలకువ వస్తే తప్ప కల గుర్తుండదు. తెల్లవారుజామున కల పొడుగ్గా ఉంటుంది, అందులోంచే లేస్తాం, కాబట్టి గుర్తుంటుంది. జేజి గమనించినదాంట్లో ఇంతవరకు నిజముంది. నిజం కాని కలలను ఎవరూ లెక్కపెట్టరు. నీళ్ల గురించి పగలంతా దిగులుపడే మనిషికి నీళ్ల కల రాక ఇంకేం వస్తుంది?

తాడిపత్రి అక్క:
మాస్టారూ, మీరు కలను మరీ తేలిగ్గా తీసేస్తున్నారు. మెదడు అడుగున ఉండే కాండం నుంచి వచ్చే సంకేతాలకు పైమెదడు అల్లే కథే కల అని హాబ్సన్, మెకార్లీ అనే శాస్త్రవేత్తలు 1977లో అన్నారు. తర్వాత మార్క్ సోమ్స్ అనే పరిశోధకుడు మెదడు దెబ్బతిన్న రోగులను పరిశీలించాడు. పైమెదడులో కొన్ని భాగాలు పోయినవాళ్లకు మీరు చెప్పిన దశ ఉంటూనే కలలు ఆగిపోయాయి. కోరికను నడిపే దారులకూ కలకూ సంబంధం ఉందని ఆయన వాదన. కాబట్టి ఆ కలలో నాయన మనసు ఉంది. చింతచెట్టు కింద పుట్టనో, ఎండాకాలంలోనూ వాడని గడ్డినో ఆయన ఏళ్లుగా చూసి ఉండొచ్చు. పుట్టలను, చెట్లను బట్టి నీటి జాడ కనుక్కోవడం గురించి పాతకాలపు పండితుడు వరాహమిహిరుడే రాశాడు.

గుత్తి సైన్స్ మాస్టర్:
అది ఒప్పుకుంటానమ్మా. అయితే ఒట్టో లోయీ అనే శాస్త్రవేత్త సంగతి కూడా చూడాలి. నరాలు రసాయనంతో గుండెకు కబురు పంపుతాయా అని తేల్చే ప్రయోగం ఆయనకు కలలోనే తట్టింది. లేచి నేరుగా ల్యాబుకు వెళ్లి కప్ప గుండెల మీద చేసి చూశాడు. 1936లో నోబెల్ వచ్చింది ఆ రుజువులకే. మన అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల అటూఇటూ. కింద ఎక్కువ చోట్ల గట్టి రాయి, నీళ్లుండేది పగుళ్లలోనే. చింతచెట్టు కింద పగులు ఉందో లేదో కల చూడలేదు. భూమిలోకి కరెంటు పంపి కొలిచే సర్వేతో కొంత తెలుస్తుంది. దానికయ్యే ఖర్చు బోరు ఖర్చు ముందు చాలా తక్కువ. పిల్లల చదువుకు పోవాల్సిన డబ్బు ఎండు బోరులో పోసిన ఇళ్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. దయచేసి తొందరపడొద్దు.

ఆదోని అన్న:
సర్వే చేసినచోట కూడా ఎండిన బోర్లు బోలెడు మాస్టారూ.

గుత్తి సైన్స్ మాస్టర్:
నిజమే. గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. అయినా అప్పు చేసేవాడికి ఆ కాస్త ఆధారమైనా ఉండాలి.

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:
ఇదంతా నాయనకు చదివి వినిపించాను. "సర్వే చేయించు, మొదట చింతచెట్టు దగ్గరే చూడమను" అన్నాడు. సోమవారం భూగర్భ జలశాఖ ఆఫీసుకు పోయి అడుగుతాను. వెంట ఏ కాగితాలు తీసుకుపోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.