ఓరుగల్లు కోటను నడిపిస్తూ చూపించే మంచి గైడ్ ఎవరైనా తెలుసా?

అన్నలూ, అక్కలూ, చిన్న సాయం కావాలి. మాది కరీంనగర్, వచ్చే ఆదివారం మా మేనత్తను, ఇద్దరు పిల్లలను తీసుకుని వరంగల్ వస్తున్నాం. కీర్తితోరణాల దగ్గర ఫొటో దిగి వచ్చేయడం కాదు, మట్టికోట దగ్గర మొదలుపెట్టి, రాతికోట దర్వాజ దాటి, లోపలి ఊళ్లో ఇళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ స్వయంభూ శివాలయం, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట దాకా తీరిగ్గా చూపించేవాళ్లు కావాలి.

పోయినసారి ఒకాయనను మాట్లాడుకుంటే అరగంటలో ముగించాడు. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తిచేసిందంటారు కదా ఆ రాతిగోడ, అంతంత రాళ్లను సున్నం లేకుండా ఎట్లా నిలబెట్టారని పిల్లలు అడిగితే ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు! డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

అత్తకు మోకాళ్ల నొప్పులు, మధ్యలో కూర్చోవడానికి నీడ దొరుకుతుందా? ఎండ ముదరకముందే, పొద్దున 7 గంటలకే మొదలుపెట్టొచ్చా? మనిషికి ఇంతని తీసుకుంటారా, గుంపుకా? తెలుగులో చెప్పేవాళ్లే కావాలి. 1163లో కట్టిన వేయిస్తంభాల గుడి హనుమకొండలో కాబట్టి అక్కడికి సాయంత్రం ఆటోలో పోతాం, దాని గురించి టెన్షన్ లేదు.