ఇద్దరు సైనికులున్న రోమన్ కంచు నాణెం: లండన్‌లో కొట్టిందేనా?

థేమ్స్_ఒడ్డున:

నమస్కారమండీ. నేను బ్రిటన్‌లో ఉంటాను, ఈమధ్య రోమన్ నాణేల పిచ్చి పట్టుకుంది. మొన్న ఇక్కడ జరిగిన నాణేల ఫెయిర్‌లో ఒక బల్ల మీద గుట్టగా పోసిన చిన్న కంచు నాణేల్లోంచి ఒకటి ఏరుకున్నాను. అమ్మినాయన "ఇది లండన్ టంకశాలది, అందుకే రేటు కాస్త ఎక్కువ" అన్నాడు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే బొమ్మవైపు ఒక కుర్రాడి తల, తలకు ఆకుల దండ, చుట్టూ "కాన్‌స్టాంటినుస్ యున్ నోబ్ సి" అని చదవగలిగాను. బొరుసు మీద ఇద్దరు సైనికులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు, ఒక చేతిలో ఈటె, రెండో చెయ్యి నేలకు ఆనించిన డాలు మీద, వాళ్ళ మధ్య రెండు జెండా కర్రలు. అడుగున గీత కింద పి, ఎల్ అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, మూడోది అరిగిపోయింది. సైజు 17 మిల్లీమీటర్లు, బరువు 2.3 గ్రాములు.

ఇది నిజంగా లండన్‌దేనా? ఇకముందు చక్రవర్తికి ఒకటి చొప్పున కొనుక్కుంటూ పోవాలా, లేక బొరుసు బొమ్మలను బట్టి పోగెయ్యాలా? ఇంకో టెన్షన్ కూడా ఉంది, అంచు దగ్గర లేత ఆకుపచ్చ మచ్చ కనిపిస్తోంది, కడగొచ్చా?

బొరుసు_బాబాయ్:

లండన్ కాదండీ, ఫోటో కూడా అక్కర్లేదు. ఆ ఇద్దరు సైనికుల బొమ్మ, అదే "గ్లోరియా ఎక్సెర్కితుస్", సైన్యానికి జేజేలు అన్నమాట, మొదలైందే 330లో. లండన్ టంకశాల 325 ప్రాంతంలోనే మూతపడింది. కాబట్టి ఆ అరిగిపోయిన అక్షరం లండన్ గుర్తులో ఉండే ఎన్ అయ్యే అవకాశమే లేదు, జి అయ్యుండాలి. పి ఎల్ జి అంటే లుగ్దునుమ్, ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్. మొదటి పి అక్కడి ఒకటో వర్క్‌షాప్ గుర్తు, రెండోదైతే ఎస్ ఉంటుంది. అమ్మినాయన కావాలని అన్నాడో, ఎల్ చూడగానే లండన్ అనేసుకున్నాడో గానీ ఎక్కువ తీసుకున్న మాట నిజం. మామూలుగా ఈ రకం పదీ ఇరవై పౌండ్లలో శుభ్రమైనదే వస్తుంది.

తలకాయ ఎవరిదంటే కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కొడుకు, రెండో కాన్‌స్టాంటైన్. "యున్" అంటే జూనియర్, "నోబ్ సి" అంటే ఇంకా సీజర్ హోదాలోనే, అంటే చక్రవర్తి కింది స్థాయిలోనే ఉన్నాడని. రెండు జెండా కర్రలున్నాయి గనక 330-335 మధ్య కొట్టింది. ఆ తర్వాత నాణెం చిక్కిపోయింది, ఒకటిన్నర గ్రాములకు దిగింది, దాంతోపాటు జెండా కర్ర కూడా ఒకటే మిగిలింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఖజానా పరిస్థితి ఏమిటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఇక రెండో ప్రశ్న. నా ఓటు బొరుసుకే. నాలుగో శతాబ్దంలో మొహాలన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయి, పేరు చదవకపోతే తండ్రెవరో కొడుకెవరో తెలియదు. అసలు వార్తంతా వెనకవైపే ఉంటుంది. 330 మే 11న కాన్‌స్టాంటినోపుల్ నగరాన్ని ప్రారంభించారు కదా, ఆ సందర్భానికి రెండు నాణేలు జంటగా వచ్చాయి. ఒకదాని మీద శిరస్త్రాణం పెట్టుకున్న రోమ్ దేవత, వెనక తోడేలు కవలలకు పాలిస్తూ ఉంటుంది, పైన రెండు నక్షత్రాలు. రెండోది కొత్త నగరానిది, వెనక ఓడ ముందుభాగం మీద కాలు పెట్టిన విజయదేవత. రెండింటి మీదా చక్రవర్తి పేరు అసలు లేదు, గమనించండి! 337లో కాన్‌స్టాంటైన్ పోయాక కొట్టిన బుల్లి నాణెం ఇంకా బాగుంటుంది. ముందు తలమీద ముసుగు వేసుకున్న ముసలాయన, వెనక నాలుగు గుర్రాల రథంలో పైకి పోతుంటే ఆకాశంలోంచి ఒక చెయ్యి కిందికి చాచి ఉంటుంది. క్రైస్తవుల దేవుడి చెయ్యే, కానీ రథం సీను మాత్రం అచ్చం పాత పద్ధతిలో చక్రవర్తి దేవుడైపోయినట్టే ఉంటుంది. ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకోవచ్చు.

కుటుంబ గొడవలు కూడా ఇందులోనే దొరుకుతాయి. పెద్ద కొడుకు క్రిస్పస్‌ను తండ్రే 326లో చంపించాడు, అందుకే సైనికుల బొమ్మతో క్రిస్పస్ నాణెం ఉండదు, ఎవరైనా ఉందంటే నవ్వి ఊరుకోండి. కాన్‌స్టాంటైన్ అన్నదమ్ముల పిల్లల్లో దెల్మాటియస్ 335లో సీజర్ అయి 337లో హత్యకు గురయ్యాడు, ఆయనవి తక్కువ. అతని తమ్ముడు హన్నిబాలియానుస్‌కైతే సైనికులు కాదు, పడుకుని ఉన్న యూఫ్రటీస్ నదీదేవుడు, అదీ కాన్‌స్టాంటినోపుల్‌లో మాత్రమే కొట్టారు. దాని ధర అడక్కండి.

పెద్దనాణెం_ప్రేమికుడు:

బాబాయ్‌తో నాకు పడదు. గోరంత చిల్లర నలభై పోగేసే బదులు డబ్బు దాచుకుని ఒక్క సెస్టర్షియస్ కొనుక్కోమంటాను. 30 మిల్లీమీటర్లు దాటిన ఇత్తడి బిళ్ళ, దాదాపు 25 గ్రాములు, అచ్చు చెక్కేవాడికి చేతినిండా చోటుండేది. నీరో చక్రవర్తి కాలపు ఓస్టియా, అంటే రోమ్ నగరపు రేవు చూడండి, పైనుంచి చూస్తున్నట్టు రేవు గోడ, లోపల తెరచాప ఓడలు, పడవలు. యూదయాను ఓడించిన గుర్తుగా వెస్పాసియన్ చక్రవర్తి 71లో కొట్టించిన నాణెం మీద ఖర్జూరపు చెట్టు, దాని కింద తల వాల్చి కూర్చున్న స్త్రీ. ఆయన కొడుకు టైటస్ నాణెం మీద కొలోసియం ఉంది, గ్యాలరీల్లో జనం చుక్కలు చుక్కలుగా కనిపిస్తారు. ఇవి చూశాక ఇద్దరు సైనికులతో తృప్తి పడగలరా?

ఒక్క జాగ్రత్త. పెద్ద నాణేల్లో అరిగిన గీతలను ఉలితో మళ్ళీ చెక్కేసి అమ్మడం చాలా ఎక్కువ. అక్షరాల మధ్య ఖాళీ స్థలం గీకినట్టు నున్నగా ఉండి, జుట్టు గీతలు మాత్రం కత్తిలా తేలుంటే అనుమానించాల్సిందే. అందుకని ముందు బ్రిటిష్ మ్యూజియం 68వ గదిలో డబ్బు గ్యాలరీకి వెళ్ళి అసలువి ఎలా ఉంటాయో కంటికి అలవాటు చేసుకోండి, టికెట్ కూడా లేదు.

బొరుసు_బాబాయ్:

తృప్తి పడగలను, ఎందుకంటే ఆ చుక్కల జనాన్ని కొనేలోపు నేను రిటైర్ అయిపోతాను :) మధ్యేమార్గం కావాలంటే గల్లియెనుస్ చక్రవర్తి చివరి రోజుల్లో, 267-268లో, రోమ్‌లో కొట్టిన జంతువుల నాణేలున్నాయి. పేరుకు వెండి, నిజానికి రాగే. జింక, పులి, గుర్రం ఒంటికి మనిషి తల, గుర్రం ముందుభాగానికి చేప తోక, ఇలా ఒక్కో జంతువు ఒక్కో దేవుడికి. అచ్చు సరిగా పడనివే ఎక్కువ, కానీ సరదాగా ఉంటాయి.

పచ్చమచ్చ_డాక్టర్:

అందరూ మూడో ప్రశ్న వదిలేశారు, తొందరపడాల్సింది దానికే. ఒక వెదురు టూత్‌పిక్ తీసుకుని మచ్చను మెల్లగా గీకండి. గట్టిగా, రాకుండా ఉంటే అది పాటినా, వందల ఏళ్ళ పొర, దాని జోలికి పోవద్దు. పొడిలా రాలి, కింద గుంట కనిపిస్తే అది కంచు జబ్బు. లోహంలో ఇరుక్కున్న క్లోరైడ్ గాల్లో తేమ తగిలినప్పుడల్లా ఆమ్లం పుట్టిస్తుంది, ఆ ఆమ్లం మళ్ళీ రాగిని తింటుంది, అలా ఆగకుండా సాగుతుంది.

పొడి గీకేసి, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి కొన్ని వారాలపాటు నీళ్ళు మారుస్తూ ఉండండి. బాగా ముదిరితే వంటసోడా, బట్టల సోడా కలిపిన నీళ్ళు వాడతారు. తర్వాత పూర్తిగా ఆరబెట్టి సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి, మిగతా నాణేలకు దూరంగా ఉంచితే మనశ్శాంతి. మెత్తటి పీవీసీ కవర్లలో మాత్రం పెట్టొద్దు, అవి జిగురు కారి ఇంకో రకం పచ్చదనం తెస్తాయి.

ముఖ్యంగా మనవాళ్ళకు చెప్పాల్సింది: చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, ఏదీ వద్దు! ఇత్తడి బిందె తోమినట్టు తోమితే తళతళలాడుతుంది, పాటినా పోతుంది, దాంతోపాటు విలువా పోతుంది.

చార్మినార్_చిల్లర:

ఒక్క విషయం, సెలవుల్లో ఇంటికి వచ్చేటప్పుడు అందరికీ చూపిద్దామని జేబులో వేసుకుని రాకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని దేశం దాటించే హక్కు ప్రైవేటు వాళ్ళకు లేదు. తెచ్చింది తిరిగి తీసుకెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఎవరికి నచ్చజెబుతారు? మరీ తేవాలంటే ముందే కస్టమ్స్‌లో కనుక్కుని కాగితాలు పెట్టుకోండి.

పైగా మన దగ్గర దొరికిన రోమన్ నాణేలు వేరే బాపతు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెండి దీనారాలు, వినుకొండలో బంగారువి బయటపడ్డాయి, వాటిని వ్యాపారానికి తెచ్చారు. మీరు కొన్నలాంటి చిన్న కంచువి చూడాలంటే తమిళనాడు వైపు, కరూరు, మదురై నదుల ఇసుకలోనూ, శ్రీలంకలోనూ బాగా దొరికాయి, వాటిని చూసి అక్కడివాళ్ళు నకళ్ళు కూడా కొట్టుకున్నారు.

థేమ్స్_ఒడ్డున:

అందరికీ థాంక్స్. మచ్చ రాలింది డాక్టర్ గారూ, నాణెం నీళ్ళలో పడింది. బాబాయ్ గారూ, లియాన్‌దైనా పర్లేదు గానీ నేనుండే దేశంలో కొట్టిన కాన్‌స్టాంటైన్ నాణెం ఒకటైనా కావాలని ఉంది. ఏ బొరుసు వెతకమంటారు?

బొరుసు_బాబాయ్:

మూడు చెబుతాను. సూర్యదేవుడు చెయ్యెత్తి నిలబడ్డ "సోలి ఇన్విక్టో", అడుగున పి ఎల్ ఎన్ అని ఉండేది, తేలిగ్గా దొరుకుతుంది. బలిపీఠం మీద గోళం, పైన మూడు నక్షత్రాలు, "బియాటా ట్రాంక్విల్లితాస్", క్రిస్పస్ పేరు మీద తీసుకోండి, అడుగున పి ఎల్ ఓ ఎన్ ఉంటుంది. మూడోది కోట గుమ్మం బొమ్మ, అదే పి ఎల్ ఓ ఎన్ గుర్తుతో, టంకశాల మూసే ముందు చివరి విడతల్లోది, అది కాస్త వెతకాలి. ఈసారి గీత కింది అక్షరాలన్నీ మీ కళ్ళతో చదవగలిగితేనే డబ్బు తియ్యండి, అంచు ఫోటో కూడా అడగండి, పోత పోసిన నకిలీకి చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది.